మావయ్య జిప్సీ: బందరు షెడ్డు డైరీ

జూన్ 8, 2025, ఆదివారం

బండి ఇంటికొచ్చింది. కృత్తివెన్ను నుంచి చిన్న లారీ మీద ఎక్కించి తెచ్చాం. దింపేటప్పుడు ముందు చక్రాలు తిరిగాయి గానీ వెనక చక్రాలు ఈడ్చుకుంటూనే వచ్చాయి. బ్రేకులు పట్టేశాయి.

ఇది మా మావయ్యది. 1998 జిప్సీ కింగ్, గుడ్డ టాపు. ఇరవై ఏళ్ళకి పైగా రొయ్యల చెరువుల గట్ల మీద తిరిగింది. ఆయన పోయిన నాలుగేళ్ళ నుంచీ చెరువు దగ్గర రేకుల షెడ్డులో మేత బస్తాల పక్కన నిలబడి ఉంది. పాత ఇనుము కొనేవాళ్ళు కిలోల లెక్కన బేరం మొదలెట్టారని తెలిసి అత్తయ్యకి ఫోన్ చేశాను. "నాకు డబ్బులొద్దు నాన్నా, నువ్వు తీసుకెళ్ళి బాగుచెయ్యి. అదలా కదలకుండా పడుంటే చూడలేకపోతున్నా" అంది. ఆ మాట తర్వాత ఇంకేం ఆలోచించలేదు.

జిప్సీ గురించి తెలియనివాళ్ళకి రెండు ముక్కలు. మారుతి దీన్ని 1985 చివర్లో తెచ్చింది. సుజుకీ ఎస్‌జె410 దీనికి మూలం, ఇంజను 970 సీసీ. 1996లో 1298 సీసీ ఇంజను, అయిదు గేర్ల బాక్సు పెట్టి 'కింగ్' అన్నారు. కంప్యూటర్ లెక్కతో ఇంజన్లోకి పెట్రోలు చిమ్మే ఎంపీఎఫ్ఐ పద్ధతి వచ్చింది 2000లో. అంటే మాది గాలిలో పెట్రోలు కలిపే కార్బొరేటర్ ఉన్న పాత పద్ధతి బండి, పెట్రోలు పంపు కూడా క్యామ్ షాఫ్ట్ తోస్తే కొట్టుకునే మెకానికల్ పంపు. చాసిస్ (కింది ఇనప చట్రం) వేరు, బాడీ వేరు. నాలుగు చక్రాలకీ కమాను పట్టీలే. ఎక్కడా కంప్యూటర్ లేదు. ఇంటి దగ్గర మన చేతులతో బాగుచేసుకోవడానికి ఇంతకంటే అనువైన బండి మన దేశంలో తయారైందని నేననుకోను.

మొదటి చూపులో కనబడినవి రాసుకుంటున్నాను. డ్రైవరు వైపు కాళ్ళ దగ్గర రేకు మెత్తగా ఉంది, బొటనవేలితో నొక్కితే దిగబడుతోంది. బ్యాటరీ లేదు. రేడియేటర్ ఎండిపోయింది. ముందు ఇరుసు రెండు చివర్లా నల్లటి జిడ్డు కారి గడ్డకట్టింది. సీటు కింద ఎలుకలు గూడు పెట్టి హారను వైరు కొరికేశాయి. పెట్రోలు ట్యాంకుకి మూత లేదు, జిడ్డు గుడ్డముక్క ఒకటి ఉండచుట్టి కుక్కి ఉంది. దాన్ని తీసి పారేశాను. కొత్త తాళం మూత తెచ్చి పెట్టాలి.

సాయంత్రం మా వీధి చివరి మెకానిక్ బాబాయ్ వచ్చి చూశాడు. డెబ్బైకి దగ్గరపడ్డారు, జీపులు విప్పుతూ పెరిగిన మనిషి. చుట్టూ రెండుసార్లు తిరిగి, కింద పడుకుని టార్చి వేసి చూసి, లేచి చేతులు దులుపుకుని ఒకటే చెప్పాడు. "ముందు కడుగు. కడిగాక చూడు. ఏది పోయిందో తేలేదాకా ఏదీ కొనమాక అబ్బాయ్."

జూన్ 15, ఆదివారం

కడగడానికే శనివారం అంతా పట్టింది. కిరసనాయిలు, బ్రష్షు, ఆ తర్వాత ప్రెషర్ నీళ్ళు. డిస్ట్రిబ్యూటర్‌కీ కార్బొరేటర్‌కీ ప్లాస్టిక్ సంచులు చుట్టి కట్టాం. మట్టి పోయాక నట్లు కనబడ్డాయి, లీకులు ఎక్కణ్ణుంచి మొదలయ్యాయో కూడా కనబడ్డాయి. బాబాయ్ ఎందుకు కడగమన్నాడో అప్పుడర్థమైంది.

నాలుగేళ్ళు ఆగి ఉన్న ఇంజన్ని నేరుగా సెల్ఫ్ కొట్టి లేపకూడదు. సిలిండర్ గోడల మీద ఆయిలు పొర ఉండదు, రింగులు గీరేస్తాయి. అందుకని నాలుగు ప్లగ్గులూ విప్పి, ఒక్కో రంధ్రంలో రెండు చెంచాల ఇంజన్ ఆయిలు పోసి రాత్రంతా వదిలేశాం. పొద్దున క్రాంకు పుల్లీ బోల్టుకి పానా వేసి చేత్తో తిప్పాను. మొదట బిగిసింది. కొంచెం వెనక్కి, కొంచెం ముందుకి ఊపుతూ ఉంటే ఒక్కసారిగా వదిలి మెత్తగా తిరిగింది. ఆ పట్టు వదిలిన క్షణం చేతికి తెలిసింది చూడండి, అది నాకు గుర్తుండిపోతుంది.

ఆయిలు మార్చి, మా కారు బ్యాటరీ తగిలించి కంప్రెషన్, అంటే ఒక్కో సిలిండర్లో ఒత్తిడి ఎంత వస్తుందో చూశాం. 165, 170, 168, 165 పీఎస్ఐ. ఇక్కడ అంకె ఎంత అన్నదాని కంటే నాలుగూ దగ్గర దగ్గరగా ఉండటం ముఖ్యం. ఒకటి మాత్రం బాగా తగ్గి ఉంటే వాల్వో, రింగులో, హెడ్ గ్యాస్కెట్టో అని వెతకాల్సి వచ్చేది. మావయ్య దీని ఇంజన్ని బాగానే చూసుకున్నాడు.

ట్యాంకులో మిగిలిన పెట్రోలు డికాక్షన్ రంగులో ఉంది, వార్నిష్ వాసన. దాన్ని తీసేసి, ట్యాంకు జోలికి పోకుండా, అరలీటరు బాటిల్లో కొత్త పెట్రోలు పోసి బోనెట్ కడ్డీకి వేలాడదీసి, గొట్టం నేరుగా కార్బొరేటర్‌కి పెట్టాం. మా తమ్ముడు మంటలార్పే సిలిండర్ పట్టుకుని పక్కనే నిలబడ్డాడు. నాలుగోసారికి అందుకుంది. తెల్లటి పొగ కమ్మేసింది. సిలిండర్లలో పోసిన ఆయిలు కాలిపోయాక పొగ తగ్గి, ఇంజను కుదురుకుంది.

అత్తయ్యకి ఫోన్ చేసి బోనెట్ దగ్గర పెట్టాను. ఏమీ మాట్లాడలేదు. చాలాసేపు విని పెట్టేసింది.

జూన్ 22, ఆదివారం

బ్రేకులు. వెనక డ్రమ్ములు ఊడి రావడానికే మధ్యాహ్నమైంది. వీల్ సిలిండర్లు రెండూ లోపల తుప్పు పట్టి బిగుసుకున్నాయి, కొత్తవి వేశాం. ముందు డిస్కులు అరిగాయి గానీ ఇంకా వాడుకోవచ్చు. రబ్బరు గొట్టాలన్నీ మార్చాం. ఒక్క జాగ్రత్త మాత్రం గట్టిగా చెబుతాను. పాత బ్రేక్ షూల్లో ఆస్బెస్టాస్ ఉండొచ్చు. డ్రమ్ములో దుమ్మును గాలి కొట్టి ఊదకండి, నీళ్ళతో తడిపి గుడ్డతో తుడవండి.

జూలై 6, ఆదివారం

రెండు ఆదివారాలు ఫ్లోర్ మీదే గడిచాయి.

మ్యాటు తీసి, కింద నల్లటి తారు పూత గీరుతూ పోతే, డ్రైవరు కాళ్ళ దగ్గర ఒక రేకు అతుకు బయటపడింది. నూనె డబ్బా కోసి చదును చేసి, నాలుగు రివిట్లు కొట్టి, పైన తారు పూసేశారు. తిరగేసి చూస్తే డబ్బా మీది వేరుశనగ కాయ బొమ్మ ఇంకా కనబడుతోంది. ఆ అతుకు చుట్టూ అసలు రేకు అప్పడంలా విరిగింది. రేకుకీ రేకుకీ మధ్య ఉప్పు తేమ చేరి తినేసింది. పైనుంచి చూస్తే గట్టిగా ఉంది. ఇన్నాళ్ళూ దాని మీదే కాలు పెట్టి తోలారు.

ఉప్పునీటి చెరువుల మధ్య తిరిగిన బండికి తుప్పు బయట కంటే లోపలే ఎక్కువ. చాసిస్ కడ్డీలు పెట్టెలా మూసి ఉంటాయి, అడుగున నీళ్ళు కారిపోవడానికి రంధ్రాలుంటాయి. మాదాన్లో అన్నీ మూసుకుపోయాయి. ఒక్కోదాన్లో ఇనప చువ్వ పెట్టి పొడిస్తే బూడిద రంగు చెరువు మట్టి రాలింది. ఎడమ వైపు నుంచే బకెట్టు సగం వచ్చింది. ఆ మట్టి ప్రతి వానకీ తడిసి, లోపల్నుంచి ఇనుముని నములుతూ కూర్చుంది. వెనక కమాను తగిలించే బ్రాకెట్ దగ్గర వెల్డింగ్ వెంబడి వెంట్రుకవాసి చీలిక కనబడింది. కడగకపోతే కనబడేది కాదు.

ఇక్కడ నేను చేసిందీ చేయించిందీ విడివిడిగా చెప్పాలి. ఫ్లోర్ రేకు నేనే కోసి, 18 గేజ్ రేకుతో అట్టముక్క కొలత ప్రకారం కొత్తది తయారు చేసుకున్నాను. చాసిస్ చీలిక మాత్రం నేను ముట్టుకోలేదు. మనుషుల ప్రాణం దాని మీద ఉంటుంది. చేతి పని మీద ఎంత ఇష్టమున్నా, అనుభవమున్న వెల్డరే దాన్ని వెయ్యాలి. ఆయన చీలిక రెండు చివర్లా చిన్న రంధ్రాలు వేసి అది ముందుకు పాకకుండా ఆపి, గాడి చేసి, లోతుగా వెల్డింగ్ నింపి, పైన పలక అతికాడు. వెల్డింగ్ మొదలెట్టేముందు పెట్రోలు గొట్టాలు విప్పి మూతులు మూసి, ట్యాంకు మీద తడి గోనెలు కప్పి, బ్యాటరీ వైరు తీశాం. ట్యాంకే దింపేసి ఉండాల్సింది. ఇప్పుడు తలుచుకుంటే అలా చేయనందుకు భయమేస్తోంది. ఎవరైనా ఈ పని చేస్తుంటే ట్యాంకు దింపి, ఆవరణ అవతల పెట్టి అప్పుడు మొదలెట్టండి.

కొత్త రేకుకి రెండు వైపులా జింక్ ప్రైమర్, అతుకుల్లో సీలెంట్, ఆపైన పెయింటు. చాసిస్ లోపలికి పొడవు గొట్టంతో మైనం కలిపిన తుప్పు నిరోధక నూనె కొట్టాను. రెండు రోజులు అడుగు రంధ్రాల్లోంచి బొట్లు బొట్లుగా కారింది. కారడం మంచిదే, రంధ్రాలు తెరిచే ఉన్నాయని గుర్తు.

జూలై 13, ఆదివారం

బండి తన కాళ్ళ మీద తను కదిలింది. కాగితాల గడువు అయిపోయింది కాబట్టి రోడ్డెక్కలేదు. మా ఇంటి వెనక లేఅవుట్‌లో ఇళ్ళు లేవు, కిలోమీటరు పొడవున మట్టి రోడ్డు ఉంది. అక్కడే చక్కర్లు.

ట్యాంకులో అయిదు లీటర్లు పోసి, కొత్త తాళం మూత బిగించి బయల్దేరాం. గేర్లు బాగా పడుతున్నాయి. ఇరవై అయిదు నిమిషాలు చక్కగా తిరిగింది. తర్వాత రెండు మూడుసార్లు ఎక్కిళ్ళు పెట్టి ఆగిపోయింది. సెల్ఫ్ కొడితే తిరుగుతోంది, అందుకోవట్లేదు. పది నిమిషాలు ఆగి కొడితే ఏమీ ఎరగనట్టు స్టార్టయింది. మళ్ళీ కాసేపటికి అదే కథ.

జూలై 20, ఆదివారం

వేడెక్కాక ఆగడం, చల్లారాక అందుకోవడం. ప్లగ్గుల్లో నిప్పు పుట్టడానికి కరెంటు పంపే ఇగ్నిషన్ కాయిల్ పాడైతే సరిగ్గా ఇలాగే చేస్తుంది. లోపల తీగ చుట్టలు వేడికి తెగి, చల్లారితే మళ్ళీ కలుస్తాయి. ఇదేనని నమ్మేసి, సెలవు పెట్టి బెజవాడ ఆటోనగర్ వెళ్ళి కాయిల్ తెచ్చాను. పోయినవాణ్ణి పోయినట్టే కార్బొరేటర్ కిట్టు కూడా పట్టుకొచ్చాను.

రెండూ వేశాను. ఇరవై నిమిషాలకి ఆగింది.

బాబాయ్ దగ్గరికి వెళ్ళి చెప్పాను. కోప్పడలేదు. "ఆగినప్పుడు నిప్పు ఉందా? ఆగినప్పుడు పెట్రోలు ఉందా? ఆ రెండూ చూశావా?" అని అడిగాడు. చూడలేదు. ఆగిన చోట నిలబడి చూడాల్సింది, ఇంటికొచ్చి ఆలోచించాను. పాత కాయిల్ తుడిచి డబ్బాలో దాచాను. అది మంచిదే.

జూలై 27, ఆదివారం

ఈసారి తయారై వెళ్ళాం. ఒక పాత ప్లగ్గు, దాన్ని బాడీకి ఆనించి పట్టుకోవడానికి వైరు క్లిప్పు, ఖాళీ బాటిలు.

ఆగగానే బోనెట్ ఎత్తి, ప్లగ్గు వైరు పీకి పాత ప్లగ్గుకి పెట్టి తమ్ముణ్ణి సెల్ఫ్ కొట్టమన్నాను. నీలం రంగు నిప్పు, టకటకమని. కాయిల్ సంగతి అక్కడితో తేలిపోయింది.

ఈ కార్బొరేటర్‌కి ఒక చిన్న గుండ్రటి అద్దం ఉంటుంది. ఫ్లోటు గిన్నెలో, అంటే లోపల పెట్రోలు నిలిచే చోట, మట్టం అందులోంచి కనబడుతుంది. ఇంజను బాగా నడుస్తున్నప్పుడు మట్టం అద్దం మధ్యనున్న గుర్తు దగ్గర ఆడుతుంది. టార్చి వేసి చూశాను. అద్దం ఖాళీ. చుక్క లేదు. రెండు వారాలుగా కాయిళ్ళూ తీగలూ అనుకుంటున్నవాడికి ఆ ఖాళీ అద్దం చూస్తే ఎంత హాయిగా ఉందో చెప్పలేను. ఇంజను ఆకలితో ఆగుతోంది, అంతే.

పంపు నుంచి కార్బొరేటర్‌కి వెళ్ళే గొట్టం తీసి బాటిల్లో పెట్టి సెల్ఫ్ కొడితే, పెట్రోలు చిమ్మాల్సింది కాస్తా కారుతోంది. ఫిల్టర్ విప్పి తెల్ల గుడ్డ మీద తట్టాను. ఎర్రటి పొడి, పసుపు కుంకుమ కలిపినట్టు. ట్యాంకు తుప్పు.

సాయంత్రానికల్లా ట్యాంకు దింపాం. వెనక అడుగున, నలభై లీటర్లది.

ఆగస్టు 3, ఆదివారం

ట్యాంకు కడిగే పద్ధతి కాస్త వివరంగా రాస్తాను, ఎవరికైనా పనికొస్తుంది.

ముందు ఖాళీ చేసి, సర్ఫ్ నీళ్ళతో మూడుసార్లు కడిగి, పెట్రోలు వాసన పోయేదాకా రెండు రోజులు మూతి తెరిచి ఎండలో ఉంచాం. తర్వాత మీటరు పొడవు పాత గొలుసు లోపల వేసి, రెండు కిలోల నిమ్మఉప్పు వేడినీళ్ళలో కరిగించి నిండా పోశాం. వంటింట్లో పులుపుకి వాడే నిమ్మఉప్పే, పచారీ కొట్లో దొరుకుతుంది. ఒక రాత్రి, ఒక పగలు అలా వదిలి, నీళ్ళు సగానికి తగ్గించి ఇద్దరం చెరో వైపు పట్టుకుని ఊపాం. గొలుసు లోపల గీరుతూ గలగలమంటుంటే మూతిలోంచి వచ్చిన నీళ్ళు మొదట టీ రంగు, తర్వాత పసుపు, చివరికి మామూలు రంగు. గొలుసు బయటికి లాగాక వంట సోడా నీళ్ళతో ఒకసారి కడిగి పులుపు చంపాలి. ఆ తర్వాత ఆలస్యం చేయకూడదు. శుభ్రమైన ఇనుము గంటలో మళ్ళీ ఎర్రబారుతుంది. హెయిర్ డ్రయ్యర్‌తో ఆరబెట్టి, వెంటనే ఇంజన్ ఆయిలు కలిపిన కొంచెం పెట్రోలు పోసి అన్ని మూలలకీ తిప్పాం. డ్రయ్యర్ ఆపి దూరంగా తీసుకెళ్ళాకే పెట్రోలు మూత తీశాను.

టార్చి వేసి చూస్తే లోపల బూడిద రంగు. రంధ్రాలు పడలేదు.

పనిలో పనిగా పెట్రోలు గొట్టాలన్నీ మార్చాను. ఇప్పుడు బంకుల్లో దొరికేది 20 శాతం ఇథనాల్ కలిసిన పెట్రోలు. 1998లో ఈ బండి రబ్బరు దాని కోసం తయారైంది కాదు. పాత గొట్టం ఒకటి వంచితే పగుళ్ళు తేలాయి, లోపలి పొర జిగురుగా చేతికి అంటింది. ఇథనాల్ తేమను పీల్చుకుంటుంది కూడా, అందుకని బండి నెలల తరబడి ఆపేటప్పుడు పెట్రోలు అలాగే వదిలేయకపోవడం మంచిది. పంపు డయాఫ్రమ్ కిట్టు కూడా కొత్తది వేశాను. అది మాత్రం చూసి, పగుళ్ళున్నాయని తేలాకే కొన్నాను.

సంతోషం పట్టలేక ముప్పై లీటర్లు పోయించాను. లేఅవుట్‌కి వెళ్ళాం.

పన్నెండు నిమిషాలకి ఆగింది.

ఆగస్టు 10, ఆదివారం

వారమంతా అదే ఆలోచన. ఆఫీసులో కూర్చుని కూడా కాగితం మీద ట్యాంకు, ఫిల్టరు, పంపు, కార్బొరేటరు బొమ్మలు గీసుకున్నాను. ట్యాంకు శుభ్రం, ఫిల్టరు కొత్తది, పంపు కొత్తది. అయినా ముందుకంటే తొందరగా ఎందుకు ఆగింది? మారింది ఒక్కటే. అప్పుడు అయిదు లీటర్లు, ఇప్పుడు ముప్పై.

ఇవాళ మళ్ళీ తోలాం. పద్నాలుగో నిమిషంలో ఎక్కిళ్ళు. ఈసారి బోనెట్ ఎత్తలేదు. నేరుగా వెనక్కి వెళ్ళి తాళం తిప్పి ట్యాంకు మూత వదులు చేశాను.

స్స్‌స్ అంటూ గాలి లోపలికి లాక్కుంది. ప్రెషర్ కుక్కర్ మూత తీస్తే ఆవిరి బయటికి తన్నే చప్పుడుంటుంది చూడండి, దానికి తిరగేసినట్టు. నా అరచేయి మూతి మీద పెడితే చర్మాన్ని పీల్చింది. మూత అలా వదులుగానే ఉంచి సెల్ఫ్ కొడితే రెండోసారికే స్టార్టయింది. ఆ తర్వాత గంట తిరిగాం. ఒక్క ఎక్కిలి లేదు.

జరిగింది ఇది. పంపు ట్యాంకులోంచి పెట్రోలు లాగుతుంటే ఖాళీ అయిన చోటుకి బయటి గాలి రావాలి. రాకపోతే లోపల ఒత్తిడి తగ్గిపోయి, ట్యాంకే పెట్రోల్ని పట్టుకుని వెనక్కి లాగుతుంది. ఒక దశ దాటాక పంపు బలం చాలదు. ఇంజను ఆగాక సందుల్లోంచి మెల్లగా గాలి చేరి పది నిమిషాలకి సర్దుకుంటుంది. అందుకే చల్లారాక బాగుపడినట్టు కనబడింది. ట్యాంకు నిండుగా ఉంటే పైన ఖాళీ తక్కువ, కాబట్టి లీటరు వాడేసరికే ఒత్తిడి బాగా పడిపోతుంది. పన్నెండు నిమిషాల లెక్క అదే. మొదట్లో ఆపింది తుప్పు, తర్వాత ఆపింది గాలి. రెండు జబ్బులకీ ఒకే లక్షణం.

గాలి రావాల్సిన గొట్టం ట్యాంకు మెడ పక్కనుంచి పైకి వెళ్ళి బాడీ రేకు వెనక ఆగుతుంది. విప్పి ఊదితే కదలదు. చివర కోసి చూశాను. లోపల గట్టి మట్టి. కుమ్మరి పురుగు (మట్టితో గూడు కట్టే కందిరీగ) గూడు. చాకుతో చీలిస్తే గొట్టం లోపల గుండ్రంగా చేసిన గదులు, ఒకదాంట్లో ఎండిపోయిన సాలెపురుగు కూడా ఉంది. అసలు కంపెనీ మూతలో గాలి లోపలికి వెళ్ళే చిన్న వాల్వు ఉంటుంది, అది బాగుంటే దానితోనైనా పని జరిగేది. నేను కొన్న తాళం మూతలో ఆ వాల్వు లేదు.

రాత్రి అత్తయ్యకి ఫోన్ చేసి ఇదంతా చెప్పాను. ఆవిడ వింటూ వింటూ, "అయితే ఆ గుడ్డ ఏం చేశావు?" అంది.

"ఏ గుడ్డ?"

"ట్యాంకులో ఉండాలే. మూత పెడితే దారిలో ఆగిపోతోందని మీ మావయ్య మూత తీసి పారేసి గుడ్డ పెట్టేవాడు. ఎన్నేళ్ళ నుంచో అంతే."

నేను మొదటి రోజే దాన్ని తీసి చెత్తలో వేశాను. ఈ డైరీ మొదటి పేజీలోనే రాసి ఉంది. ఆయనకి కారణం తెలియకపోవచ్చు, కానీ మందు దొరికింది. గుడ్డ గాలిని వదిలింది, గాలిలోని తేమతో పాటు. ట్యాంకు తుప్పు అక్కణ్ణుంచే. ఆయన చేసిన ప్రతి అతుకునీ ఇప్పుడు ఒకసారి ఆగి చూస్తున్నాను. గేరు రాడ్డుకి చుట్టిన సైకిల్ ట్యూబు ముక్క, బ్యాటరీ పెట్టె కింద చెక్క దిమ్మ, ప్రతిదానికీ వెనక ఏదో ఒక ఇబ్బంది ఉండి ఉంటుంది.

ఆగస్టు 24, ఆదివారం

బండి ఆగకుండా తిరగడంతో తర్వాతి జబ్బు బయటపడింది. నలభై అయిదు స్పీడులో ఎడమ చక్రం గుంటలో పడితే స్టీరింగ్ గడగడలాడుతోంది. స్పీడు తగ్గిస్తే గానీ ఆగదు. జిప్సీ తోలినవాళ్ళకి ఈ ఊపు బాగా తెలుసు. చాలామంది టైర్లు, అలైన్‌మెంటు అని తిరుగుతారు.

ఈసారి ఏదీ కొనకుండా చూశాను. ముందు ఇరుసుకి జాకీ పెట్టి చక్రం పైనా కిందా పట్టుకుని ఊపాలి. ఇంకొకరు వెనక నుంచి టార్చి వేయాలి. చక్రం మాత్రమే ఆడితే వీల్ బేరింగు. వెనకున్న నకిల్ (స్టీరింగ్ తిప్పితే చక్రంతో పాటు తిరిగే ముక్క) కూడా ఇరుసు మీద ఆడితే అది తిరిగే కింగ్‌పిన్ బేరింగులు. మాది రెండోది, రెండు వైపులా.

విప్పితే లోపల గ్రీజు లేదు, గేర్ ఆయిలు కలిసిన నల్లటి ముద్ద ఉంది. ఇరుసు లోపలి ఆయిల్ సీలు పోయి, డిఫరెన్షియల్ (ఇరుసు మధ్య ఉండే గేర్ల గుండు) ఆయిలు నకిల్‌లోకి వచ్చి గ్రీజుని కరిగించి బయటికి కారుస్తోంది. మొదటి రోజు చూసిన నల్ల జిడ్డు ఇదే. కింద బేరింగు రోలర్లు కూర్చున్నచోట గీతలు గీతలుగా గుంటలు పడ్డాయి, గోరు పెడితే తెలుస్తోంది.

కొత్త బేరింగులు వేశాక ఎంత బిగువు ఉండాలో షిమ్ములనే సన్నని రేకులతో సరిచేస్తారు. షిమ్ము తీస్తే బిగువు పెరుగుతుంది. పెద్ద సీలు తగిలించకముందు నకిల్ చేతి చివర స్ప్రింగు తాసు తగిలించి లాగి చూడాలి. కిలోకీ కిలో ఎనిమిది వందల గ్రాములకీ మధ్య కదిలితే సరి. మా చేపల మార్కెట్లో వాడే కొక్కెం కాటా అడిగి తెచ్చుకున్నాను. కుడి వైపు మొదటిసారే కిలోన్నర దగ్గర కదిలింది. ఎడమ వైపు అరకిలోకే వచ్చేసింది, ఒక షిమ్ము తీస్తే కిలో మీద రెండు వందలు. బాబాయ్ కాటా చూసి చాలా సంతోషపడ్డాడు. ఆయన ఇన్నేళ్ళూ చేతి అంచనాతోనే చేశాడట. ఆయన చేత్తో లాగి "కిలోంపావు" అన్నాడు, కాటా కూడా దాదాపు అంతే చూపించింది.

సెప్టెంబర్ 14, ఆదివారం

కాగితాలు. బండి మావయ్య పేరున ఉంది కాబట్టి వారసత్వం మీద అత్తయ్య పేరుకి మార్చడానికి ఫారం 31, రిజిస్ట్రేషన్ పొడిగించడానికి ఫారం 25. నిన్నటిదాకా వేసుకున్న లెక్క మారిపోయింది. పోయిన నెలలో వచ్చిన కొత్త నిబంధనతో 20 ఏళ్ళు దాటిన కార్ల రిజిస్ట్రేషన్ పొడిగింపు ఫీజు 10,000 రూపాయలైంది. అంతకుముందు 5,000. గ్రీన్ ట్యాక్స్, ఆలస్యానికి జరిమానా, ఇన్సూరెన్స్ వేరే. ఇలాంటి బండి కొనాలనుకునేవాళ్ళు ఇంజను చూడకముందే ఆర్‌సీ గడువు చూడాలి. మాకైతే ఎంతైనా కట్టేవాళ్ళం.

పరీక్షకి వెళ్ళినప్పుడు కావాల్సినవన్నీ ముందే చూసుకున్నాం. బ్రేకులు, లైట్లు, హారను, చాసిస్ నెంబరు చదవగలిగేలా శుభ్రం చేయడం. పొల్యూషన్ పరీక్షలో గట్టెక్కింది. రంగు అసలు తెలుపే వేయించాం. టాపు గుడ్డ పెడనలో కుట్టించాను.

అక్టోబర్ 2, విజయదశమి

ఆర్‌సీ పోయిన వారం వచ్చింది. పొద్దున్నే బొట్టు పెట్టి, చక్రాల కింద నిమ్మకాయలు పెట్టి బయల్దేరాం. నేను, తమ్ముడు, వెనక సీట్లో బాబాయ్. 216 హైవే మీద పెడన దాటేదాకా ఎవరం మాట్లాడలేదు, అందరం ఇంజను చప్పుడే వింటున్నాం. అరవైలో ఒక గుంట తగిలింది. స్టీరింగ్ కదల్లేదు.

కృత్తివెన్నులో అత్తయ్య గేటు దగ్గరే నిలబడి ఉంది. చప్పుడు వినబడగానే బయటికొచ్చానంది. బండి చుట్టూ తిరిగి, బోనెట్ మీద చెయ్యేసి, చివరికి వెనక్కి వెళ్ళి ట్యాంకు దగ్గర ఆగింది.

"గుడ్డ పెట్టలేదే?"

"అక్కర్లేదత్తయ్యా, ఇప్పుడు మూతే పెట్టొచ్చు."

తాళం తీసి మూత తిప్పి చూపించాను. ఏ చప్పుడూ రాలేదు. ఆవిడ మూత చేతిలోకి తీసుకుని చూసి, తనే బిగించింది. తర్వాత ముందు సీట్లో, ఎప్పుడూ కూర్చునే ఎడమ వైపు కూర్చుని, "చెరువు దాకా పోనీ నాన్నా" అంది. గట్టు మీద రెండో గేరులో వెళ్ళాం. మేత వేసే టైము, ఎదురొచ్చిన కుర్రాళ్ళు పక్కకి తప్పుకుని బండినే చూస్తూ నిలబడ్డారు.

తిరిగొచ్చేటప్పుడు చినుకులు పడ్డాయి. ఎడమ వైపు వైపర్ సగం దాకా వెళ్ళి ఆగుతోంది. మోటారా, లింకు రాడ్డా అన్నది ఆదివారం విప్పి చూడాలి.